నాలుగు గంటలకు లేస్తే డాక్టరవుతారా?

జూన్‌లో కాలేజీలు తెరవగానే మన గిరిజన గురుకులాలకు ఒక పెద్దమనిషి వస్తాడు. ఏటా మనిషి మారతాడు గానీ మాట మారదు. బైపీసీ పిల్లలను వరుసగా కూర్చోబెట్టి మైకు పట్టుకుంటాడు. పొద్దున నాలుగు గంటలకు లేవండి, ఫోన్ ముట్టకండి, టైం టేబుల్ రాసి గోడకు అంటించండి, అన్ని సబ్జెక్టులనూ బ్యాలెన్స్ చేసుకోండి, కష్టపడితే నీట్ ఎంత, ఎంబీబీఎస్ ఎంత అంటాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు, కారు వెళ్లిపోతుంది. మరునాడు ఫిజిక్స్ పీరియడ్‌లో సైన్, కాస్ అంటే ఏందో అందక పెంబి మండలం నుంచి వచ్చిన పిల్ల తల దించుకుని కూర్చుంటుంది.

ఆయన అబద్ధం చెప్పాడని నేననను. పొద్దున లేవడం మంచిదే. ఆ మాటకొస్తే గూడెంలో పుట్టిన పిల్లకు పొద్దున లేవడం ఎవరూ నేర్పక్కర్లేదు. నీళ్లకు, పేడకు, కట్టెలకు ఆమె చిన్నప్పటి నుంచీ లేస్తూనే ఉంది. నా పేచీ వేరే. ఎవరో ఎత్తాల్సిన మూటను తెచ్చి పదహారేళ్ల పిల్ల నెత్తిన పెట్టి, పడిపోకుండా నడువు అనడం దగ్గర నా పేచీ. మూట ఎవరిదో ముందు తేలాలి. తేలాలంటే విప్పి చూడాలి.

బైపీసీ అంటే బాటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ. వీటికి ఇంగ్లిష్, ఇంకో భాష కలిపితే ఆరు. ఒక్కో సైన్సు పేపరు ఏడాదికి 60 మార్కులు, రెండో ఏడాది ఒక్కోదానికి 30 మార్కుల ప్రాక్టికల్స్. బాటనీ పేపరు తీరు మన సార్లందరికీ కంఠతా వచ్చు: రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఆరు, ఎనిమిది మార్కులవి రెండు. బొమ్మ గీయాలి, భాగాలు గుర్తించాలి, పేజీ నింపాలి. ఇదొక పరీక్ష.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. జీవశాస్త్రం 90 ప్రశ్నలు, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. 2025 నుంచి సమయం సరిగ్గా మూడు గంటలు, అంటే ప్రశ్నకు నిమిషం. ఇక్కడ బొమ్మ గీసినా చూసేవాళ్లు లేరు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఏ వాక్యంలో ఏ మాట ఉందో గుర్తుండాలి, లెక్క నిమిషంలో తేలాలి. ఇదింకో పరీక్ష. బోర్డుకు తెలుగు అకాడమీ పుస్తకం, నీట్‌కు ఎన్‌సీఈఆర్‌టీ. పాఠాలు చాలావరకు ఒకటే, చదవాల్సిన తీరు ఒకటి కాదు. మార్చిలో ఒక తీరు, మే మొదట్లో ఇంకో తీరు. మధ్యలో కొద్ది వారాలు.

ఇందులో అందరూ దాటేసే ముచ్చట ఒకటుంది. బైపీసీలో లెక్కలు లేవు. పదో తరగతితో గణితం ఒడిసిపోతుంది. కానీ నీట్‌లో నాలుగో వంతు మార్కులు ఫిజిక్స్‌వి. త్రికోణమితి, వెక్టర్లు, గ్రాఫు వాలు, కొంచెం కలనం రాకుండా ఇంటర్ ఫిజిక్స్ మొదటి అధ్యాయాలు దాటలేం. కెమిస్ట్రీలో పీహెచ్ కట్టాలన్నా లాగరిథం కావాలి. పెద్ద పట్నాల ప్రైవేటు కాలేజీల్లో ఈ గణితాన్ని మొదటి నెలలోనే ఫిజిక్స్ సారు చెప్పేస్తాడు. చెప్పకపోయినా అక్కడి పిల్లల్లో చాలామంది ఎనిమిదో తరగతి నుంచి 'ఫౌండేషన్' పేరుతో చదివి వచ్చినవాళ్లు. మన పిల్ల చదివిన బడిలో ఎనిమిదో తరగతిలో లెక్కల సారు పోస్టు ఖాళీ. తొమ్మిదిలో సారు వచ్చాడు గానీ సంక్రాంతికి డిప్యుటేషన్ మీద పోయాడు. పదిలో గైడు పట్టుకుని పాసైంది. ఇట్లాంటి పిల్లలను నేను ఏటా చూస్తున్నాను, మీలో పాఠాలు చెప్పేవాళ్లంతా చూస్తున్నారు. ఆ మూడేళ్ల ఖాళీ పిల్ల చేసిందా? చేయలేదు. కానీ దాన్ని పూడ్చే పని మాత్రం ఆమెదే అయింది, అదీ తెల్లవారుజామున నాలుగు గంటలకు.

భాష సంగతి చూడండి. ఇంట్లో గోండి, కొలామి, తండా అయితే గోర్ బోలి. బడిలో తెలుగు. ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లిష్. 2017 నుంచి నీట్ తెలుగులోనూ రాయొచ్చు, మంచిదే. అయితే అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే చెల్లుతుందని నిబంధన. పైగా ఆ తెలుగు ఎవరి తెలుగు? 'అంతర్జీవద్రవ్యజాలం', 'క్షయకరణ విభజన' అనే మాటలు ఖానాపూర్ అంగడిలో ఎవరైనా విన్నారా? గోండి ఇంట్లో పుట్టిన పిల్లకు ఇవి ఇంగ్లిష్ కన్నా దగ్గరివేం కావు. విచిత్రమేమంటే గోండిలోనూ కొలామిలోనూ తెలుగులోనూ నెత్తురుకు ఇంచుమించు ఒకే మాట ఉంది. పుస్తకం దాన్ని వదిలి రక్తం అంటుంది, ఆపై బ్లడ్ అంటుంది. ఒక్క మాటను మూడుసార్లు నేర్చుకునే పిల్లకు, ఒక్కసారి నేర్చుకునే పిల్లకు ఒకే గడియారం పెట్టి, నీకు టైం మేనేజ్‌మెంట్ రాదు అంటున్నాం.

ఇంటి పంచాంగం కూడా ఉంది. ఇప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. బోర్డు పరీక్షలు అప్పుడే. తునికాకు తెంపేది ఏప్రిల్, మే నెలల్లో, నీట్ అప్పుడే. ఇంటికి నాలుగు పైసలు వచ్చే రోజులవి. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు, ప్రాక్టికల్స్ రికార్డులు పూర్తి చేసే రోజుల్లో. జాతరకు పోతే చదువు మీద శ్రద్ధ లేదంటారు. పోకపోతే పిల్ల చదువుకుని మనల్ని మరిచిందని గూడెంలో అంటారు. ఏ ప్రేరణ ప్రసంగంలోనూ ఈ తూకం ప్రస్తావన రాదు, ఎందుకంటే చెప్పేవాళ్ల ఇంట్లో తునికాకు కట్టలు కట్టరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రెండేళ్లలో ఈ మూట మోయడం సాధ్యం కాదని డబ్బున్నవాళ్లందరికీ తెలుసు. తెలుసు కాబట్టే వాళ్లు రెండేళ్లలో మోయించడం లేదు. ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టి ముందు మూడేళ్లు కొంటారు. ఇంటర్ అయ్యాక ర్యాంకు రాకపోతే 'లాంగ్ టర్మ్' పేరుతో హైదరాబాద్‌లోనో ఇంకో పెద్ద ఊళ్లోనో వెనక ఒకటి, రెండేళ్లు కొంటారు. ఫీజు, హాస్టల్ కలిపి లక్షలు. పేపర్లో ఫొటోలతో వచ్చే ర్యాంకుల వెనక ఇట్లా కొన్న ఏళ్లు ఎన్నున్నాయో ప్రకటనలో రాయరు. ఐదారేళ్లలో పరుచుకుని చదివిన పిల్లను, రెండేళ్లలో కుక్కుకుని చదివిన పిల్లను ఒకే హాల్లో కూర్చోబెట్టి, వచ్చిన తేడాకు ప్రతిభ అని పేరు పెట్టారు. బ్యాలెన్స్ చేసుకో అనే సలహా మన దాకా మాత్రమే వస్తుంది. వాళ్లకు ఇచ్చేది సలహా కాదు, సంవత్సరాలు.

దీనికి రెండు జవాబులు వింటుంటాం. మీకు రిజర్వేషన్ ఉంది కదా అనేది ఒకటి. ఉంది. 2022 సెప్టెంబర్ 30న వచ్చిన జీవో 33తో రాష్ట్రంలో ఎస్టీల వాటా 6 నుంచి 10 శాతానికి పెరిగింది. ఆల్ ఇండియా కోటాలో 7.5 శాతం. వాటా తలుపు తెరుస్తుంది, నిజమే; తలుపు దాకా దారి వేయదు. తలుపు దాటాక రాయితీ కూడా ఏమీ లేదు. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ పేపర్లలో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఎస్టీలకు వేరే పాస్ మార్కు పెట్టలేదు. అందరూ దాటే గీతే మనవాళ్లూ దాటి డాక్టర్లవుతున్నారు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పది శాతంలో కోలాం, తోటి పిల్లలకు వేరే చోటు లేదు. ఇద్దరు ఉద్యోగుల ఇంట పుట్టి రాజధానిలో చదివిన ఎస్టీ పిల్లతో ఒకే వరుసలో నిలబడాలి. ఈ మాటంటే మనలో మనకే తగువులొస్తాయని కొందరు ఊరుకుంటారు. ఊరుకుంటే నష్టపోయేది ఎవరో వాళ్లకూ తెలుసు.

రెండో జవాబు మనవాళ్లే ఇస్తారు. అంత కష్టమెందుకు, నర్సింగ్ చేయించండి, ల్యాబ్ టెక్నీషియన్ చాలు అంటారు. నర్సు పని చిన్నదని నేననను. వానాకాలంలో వాగు దాటి జ్వరాల గూడేలకు పోయేది ఏఎన్ఎం, ఆశా అక్కలే. కానీ ఎవరికి ఏది చాలో ముందే తేల్చేసే హక్కు ఎవరిచ్చారు? కడుపులో నొప్పి ఎక్కడ, ఎట్లా ఉందో గోండిలో చెప్పే ముసలమ్మకు దుబాసీ లేకుండా వినే డాక్టరు కావాలి. ఆ డాక్టరు మన ఇళ్లలోంచి రాకపోతే ఇంకెక్కడి నుంచి వస్తాడు?

ఇది మన ఒక్క జిల్లా కథ కాదు. అమెరికాలో డాక్టరు కావాలంటే ముందు నాలుగేళ్ల డిగ్రీ చదవాలి. బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ పూర్తి చేసి ఎంక్యాట్ పరీక్ష రాయాలి. అక్కడా పిల్లలు బరువని మొత్తుకుంటారు. అయినా వాళ్లకు నాలుగేళ్లున్నాయి. మనం అంతకు తక్కువేం కాని బరువును పదహారేళ్ల పిల్లకు రెండేళ్లలో పెడుతున్నాం. ఆ దేశంలో ఈ పద్ధతి గట్టిపడింది 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ ఇచ్చిన నివేదికతో. వైద్య కళాశాలలో చేరేముందు రెండేళ్లయినా కాలేజీ సైన్సు ఉండాలి, ప్రయోగశాలలు ఉండాలి అన్నాడు. మాట సబబే. అప్పటికి అక్కడ నల్లజాతి వాళ్ల వైద్య కళాశాలలు ఏడుండేవి. కొత్త ప్రమాణాలకు పెట్టుబడి కావాలి; ఆ పెట్టుబడి వాటికి ఎవరూ ఇవ్వలేదు. ఐదు మూతపడ్డాయి. హోవార్డ్, మెహారీ రెండే మిగిలాయి. ప్రమాణం పెంచి, అందుకునే సాధనం ఇవ్వకపోతే ఎవరు రాలిపోతారో చెప్పడానికి వందేళ్ల కిందటి ఈ లెక్క చాలు.

సాధనం ఇచ్చినవాళ్లూ ఉన్నారు. క్యూబాలోని హవానాలో 1999లో మొదలైన లాటిన్ అమెరికన్ వైద్య విద్యాలయం ఎన్నో దేశాల పేద పిల్లలను ఉచితంగా చేర్చుకుంది. సైన్సు పునాది తక్కువున్న వాళ్లకు ఆరేళ్ల కోర్సుకు ముందు కొన్ని నెలల తయారీ చదువు చెప్పింది. నీకు రాదు పో అనలేదు, రాకపోతే ముందు ఇది నేర్చుకో అంది. మన పక్కన తమిళనాడు 2020లో సర్కారు బడుల్లో చదివిన పిల్లలకు వైద్య సీట్లలో 7.5 శాతం కేటాయిస్తూ చట్టం చేసింది. అంతకుముందు వేళ్ల మీద లెక్కించేంత మందికి దొరికిన సీట్లు ఆ ఏడాదే వందల్లోకి వెళ్లాయి. పిల్లల తెలివి ఒక్క ఏడాదిలో పెరిగిందా? వరుస మారింది, అంతే.

అంత దూరం ఎందుకు, మార్లవాయి ఉంది. జోడేఘాట్ పోరాటం తర్వాత నిజాం సర్కారు హైమండార్ఫ్‌ను మన దగ్గరికి పంపితే, 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారుచేశారు. వచ్చినవాళ్లకు అక్షరాలే అంతంత మాత్రం. ముందు ప్రవేశ పరీక్ష పెట్టి ఉంటే ఒక్కరూ మిగిలేవారు కాదు. అట్లా పెట్టలేదు. తయారుచేశారు, తర్వాత పని అప్పగించారు. వాళ్లే గూడేల్లో బడి పంతుళ్లయ్యారు, కొందరు సర్కారు కొలువుల్లో చేరారు. ఎనభై ఏళ్ల కింద, రోడ్డు లేని ఊళ్లో చేయగలిగిన పని ఇప్పుడు చేయలేమంటే నేను నమ్మను.

నిర్మల్‌నే తీసుకోండి. రాంజీ గోండును, ఆయన వెంటున్న వాళ్లను 1860లో మర్రిచెట్టుకు ఉరితీశారని మనం చెప్పుకునే ఊరు ఇది. 2023లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆ సెప్టెంబర్ 15న ఒకేరోజు ప్రారంభమైన తొమ్మిదింటిలో నిర్మల్ ఒకటి, కుమ్రం భీం ఆసిఫాబాద్ ఒకటి. ఆదిలాబాద్ రిమ్స్ 2008 నుంచే ఉంది. మంచిర్యాల, జగిత్యాలకు 2022లోనే వచ్చాయి. ఉమ్మడి జిల్లాలో ఇప్పుడు నాలుగు వైద్య కళాశాలలు. మన ఇంటి ముందుకు కాలేజీ వచ్చిందని డప్పు కొట్టాం. లెక్క చూద్దాం. నిర్మల్‌లో 100 సీట్లు. 15 ఆల్ ఇండియా కోటాకు పోతే 85. అందులో పదో వంతు ఎస్టీలకు, అంటే ఎనిమిదో తొమ్మిదో. అవీ రాష్ట్రమంతటి ర్యాంకులతో నిండుతాయి. కడెం, పెంబి, దస్తురాబాద్ పిల్లకు ఆ భవనం కనిపిస్తుంది గానీ అందులో ఆమె కోసం పేరు రాసిన కుర్చీ లేదు.

కాబట్టి ఆ కాలేజీల పక్కనే ఇంకొకటి కావాలి. నేను అడిగేది కొత్త భవనం కూడా కాదు. ఇంటర్ తర్వాత ఒక పూర్తి తయారీ సంవత్సరం, ఐటీడీఏ ఖర్చుతో, మన జిల్లాల్లోనే, బస, తిండి, స్టయిపెండ్‌తో. స్టయిపెండ్ ఎందుకంటారా? ఆ ఏడాది పిల్ల తునికాకుకు పోదు కాబట్టి. ఏదో కొందరిని వడపోసి పట్నం పంపే పథకాలు కాదు. వడపోతలో మిగిలేది మళ్లీ పునాది ఉన్నవాళ్లే. సైన్సులో పాసై, చదువుతానన్న ప్రతి ఆదివాసీ పిల్లకూ ఆ ఏడాది హక్కుగా రావాలి. దానికన్నా ముందు ఇంటర్ మొదటి ఏడాది మొదటి ఆరు వారాలు బాటనీ, జువాలజీ పక్కన పెట్టి, ఫిజిక్స్‌కు కావాల్సిన గణితం చెప్పాలి. ఇందుకు జీవో అక్కర్లేదు, ప్రిన్సిపాల్ తలుచుకుంటే చాలు.

సార్లకు, మేడమ్‌లకు రెండు మాటలు. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్ల భాష తెలిసిన సారు దొరికే దారి అప్పటి నుంచి ఇరుకైంది. అందుకే ఉన్నవాళ్ల మీద బాధ్యత ఎక్కువైంది. ఫిబ్రవరిలో ఖానాపూర్ దారి పొడుగునా మోదుగు పూస్తుంది. ఫాబేసి కుటుంబం చెప్పడానికి అంతకన్నా మంచి పువ్వు లేదు: ఒక ధ్వజం, రెండు బాహువులు, రెండు ద్రోణులు. వెక్సిల్లరీ అమరిక అంటే ఏమిటో పువ్వు విప్పితే అరచేతిలో కనిపిస్తుంది. హోలీ రంగు కోసం ఆ పూలు ఏరిన పిల్లకు అదే పేజీని పదిసార్లు బట్టీ పట్టిస్తున్నాం. తెలిసినదాన్ని తెలియనిదిగా మార్చి బరువు పెంచుతున్నాం. ఇంకోటి, స్టడీ అవర్‌లో కునుకు తీసిన పిల్లను నిలబెట్టడం మానండి. నిద్ర లేని తలకు ఏదీ ఎక్కదని జువాలజీ చదివిన మనకే తెలియకపోతే ఎట్లా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, హక్కులు వచ్చేదాకా పరీక్ష ఆగదు కాబట్టి మీకూ కొన్ని మాటలు. రెండు పరీక్షలకు రెండుసార్లు చదవకండి. ఎన్‌సీఈఆర్‌టీ పాఠం ముందు చదివి, అదే రోజు అందులోంచి బోర్డు ఎనిమిది మార్కుల జవాబు చూడకుండా రాయండి. రెండూ ఒకేసారి అవుతాయి. 720లో 360 జీవశాస్త్రానివి. మనకు బలమున్న చోటు అది, అక్కడ ఒక్క మార్కూ వదలొద్దు. ఫిజిక్స్‌లో అన్నీ రాకపోయినా ఫరవాలేదు. కాంతి, కరెంటు, ఆధునిక భౌతికశాస్త్రం వంటివి కొన్ని పట్టుకుని గట్టిగా చేయండి. నాలుగు జవాబుల్లో రెండు కచ్చితంగా తప్పని తెలిస్తే మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టండి, లెక్క ప్రకారం లాభమే. ఏమీ తెలియకపోతే వదిలి ముందుకు పోండి. ఆరేడు గంటలు పడుకోండి. జాతరకు ఒక రోజు పోయి రండి. ఒక ఏడాది సీటు రాకపోతే అది మీ తెలివికి తీర్పు కాదు; పట్నం పిల్లలు రెండోసారి, మూడోసారి రాస్తున్నారు, వాళ్లనెవరూ మొద్దులనడం లేదు.

పెద్దలకు మిగిలిన పని ఒకటుంది. 1996 పెసా చట్టం ఇచ్చిన గ్రామసభ మన చేతిలో ఉంది. ఇసుక మీద, భూమి మీద తీర్మానాలు రాస్తున్నాం, చదువు మీద ఎప్పుడూ రాయలేదు. ఈసారి గ్రామ పటేల్, మహాజన్ కూర్చున్నప్పుడు కాగితం మీద పెట్టండి: మన పిల్లలు చదివే బడిలో లెక్కల పోస్టు ఎన్నాళ్ల నుంచి ఖాళీ, సైన్సు పోస్టు ఎన్నాళ్ల నుంచి ఖాళీ, ఈ ఊరి నుంచి బైపీసీలో చేరినవాళ్లెందరు, మధ్యలో మానుకున్నవాళ్లెందరు, తయారీ సంవత్సరం ఎప్పుడిస్తారు. సంతకాలు, వేలిముద్రలు పెట్టించి సోమవారం ఉట్నూరు ఐటీడీఏలో పీవో చేతికివ్వండి, ఇచ్చినట్టు రశీదు తీసుకోండి. ఒక గూడెం ఇస్తే ఫైల్లో పడేస్తారు. పెంబి, కడెం, ఖానాపూర్, మామడ, సారంగాపూర్ గూడేలన్నీ ఒకే సోమవారం పోవాలి.